రిసెప్షన్ బల్ల కింది డబ్బా

"నెమలి దగ్గర్నుంచి మూడు రోజులుగా కబురు లేదు," అన్నాడు చీఫ్.

మొహంలో దిగులు కనిపించేలా జాగ్రత్త పడ్డాడు డేగ. లోపల మాత్రం హాయిగా ఉంది. నెమలీ, తనూ ఒకే రోజు గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో చేరారు. పదేళ్లుగా విదేశీ మిషన్లన్నీ ఆమెకు, వైర్లు వెతికే పనులన్నీ అతనికి.

"టికెట్ల ఆఫీసు ముసుగులో మన సర్వర్ ఒకటుంది. విదేశాల్లో పనిచేసే మన ముప్పై రెండు మంది అసలు పేర్లు అందులోనే ఉన్నాయి. తాళం వేసిన ఫైలు. మొత్తం చేతికొస్తే తప్ప ఒక్క అక్షరం కూడా తెరుచుకోదు. దానికోసం శత్రువుల మనిషొకడు లోపల చేరాడు. వాణ్ణి పట్టడానికి నెమలిని రిసెప్షనిస్టుగా పెట్టాను. ఆమె తమ మనిషేనని వాళ్ల నమ్మకం."

"నిజంగానే వాళ్ల మనిషైపోయిందేమో సార్!"

చీఫ్ వినిపించుకోలేదు. "అక్కడి కంప్యూటర్లలో టికెట్ల అప్లికేషన్ నత్తనడక నడుస్తోందని ఫిర్యాదు వచ్చింది. మెకానిక్ వేషంలో వెళ్లు."

పదకొండింటికల్లా నీలం చొక్కా, టూల్ బ్యాగ్‌తో ఆఫీసులో అడుగుపెట్టాడు డేగ. ఆరుగురు గుమాస్తాలు తెరల ముందు చెంపకు చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. అద్దాల కేబిన్లోంచి మేనేజర్ తలూపాడు. ముందు బల్ల దగ్గర ఎర్ర చీరలో నెమలి. చూపు తిప్పుకోలేనంత అందంగా ఉంది. అతనికి ఒళ్లు మండింది.

"కిటికీ పక్క సీటుందా?" కోడ్ అడిగాడు.

"మబ్బులుంటే ఏమీ కనిపించదండీ," అంది పొడిగా.

పని మొదలుపెట్టాడు. గుమాస్తా కంప్యూటర్‌లో ఒక పేజీ తెరుచుకోవడానికి నలభై సెకన్లు. తన ల్యాప్‌టాప్‌ని నేరుగా సర్వర్‌కి కలిపి చూశాడు. రెప్పపాటులో తెరుచుకుంది. అంటే సర్వర్‌లో లోపం లేదు, దారిలోనే ఉంది. వైరు వెంట వెళ్లాడు. అది తిన్నగా రిసెప్షన్ బల్ల కిందికి దూరింది. అక్కడో పాతకాలపు నెట్‌వర్క్ డబ్బా. వంద బళ్లు పోయే రోడ్డుని ఒంటెద్దు బండి బాట చేసే రకం.

నెమలి ద్రోహానికి రుజువు దొరికింది! పదేళ్లకి దొరికింది!

నెమలి చెప్పుకాలు డబ్బాని తొక్కిపట్టింది. "దాన్ని ముట్టుకోకండి," అంది పెదవి కదపకుండా.

"భయమేస్తోందా?" డబ్బా పీకి వైర్లు నేరుగా కలిపేశాడు.

"అబ్బ, వచ్చేసింది!" గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. కేబిన్లో మేనేజర్ అందరికంటే వెడల్పుగా నవ్వాడు.

నెమలి ఫైలు అందుకునే నెపంతో వంగింది. "వాడి వెనకున్న అద్దంలో చూడు, బుద్ధిలేనివాడా!"

అద్దంలో మేనేజర్ తెర నీడ. ఆకుపచ్చ గీత పరుగెడుతోంది.

"వాడు ఫైలు కాపీ చేస్తున్నాడు. ఆపేస్తే పారిపోతాడు. నా ఫోన్ మీద వాళ్ల నిఘా. అందుకే దారి ఇరుకు చేసి మూడు రోజులు లాక్కొచ్చా. నెట్‌వర్క్ తెలిసినవాణ్ణి పంపిస్తారని ఆ ఫిర్యాదు కూడా నేనే పెట్టా."

డేగ మళ్లీ అద్దంలోకి చూశాడు. ముప్పై రెండు ప్రాణాలు. తన కడుపుమంట. గీత చివరికంటా వచ్చేసింది, వెంట్రుకవాసి ఖాళీ. రెండు చేతులతో సర్వర్ వైరు పట్టి ఊడబెరికాడు.

గీత ఆగిపోయింది.

మేనేజర్ పిస్తోలుతో బయటికి దూకాడు. నెమలి లిప్‌స్టిక్ మూత తిప్పింది. సన్నటి పొగ సరిగ్గా మొహాన తగిలింది. వాడు దగ్గుతూ కూలబడ్డాడు. డేగ వాడి చేతులకి వైరు చుట్టి ముడి బిగించాడు.

సాయంత్రం తన గదిలో నెమలి రాసిన రిపోర్టు చదివి వినిపించాడు చీఫ్. డేగ తొందరపాటు ఊసే లేదు. "చివరి క్షణంలో మన లిస్టుని కాపాడింది డేగే" అని రాసింది.

డేగ గోడకేసి చూస్తూ పళ్లు కొరుక్కున్నాడు. కాస్త తిట్టి ఉంటే ఏం పోయేది? రేపటి నుంచి ఏ మొహం పెట్టుకుని ఆమె మీద ఏడవాలి!