లేనివాళ్ల చెప్పులు

"ఈసారి నువ్వెవరినీ చంపక్కర్లేదు," అన్నాడు చీఫ్. "మనుషుల్ని లెక్కపెట్టాలి. అంతే."

ఏజెంట్ తాళం కుర్చీలో కదల్లేదు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో అతనికి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. చీఫ్ 'అంతే' అన్నాడంటే అసలు కథ ఇంకా మొదలుకాలేదన్నమాట.

ఆ ఆఫీసు బయట 'ఫర్నిచర్ మరమ్మతులు' అని బోర్డు. లోపల రెండు విరిగిన కుర్చీలు, చూసేవాళ్ల కోసం. ఆ డిపార్ట్‌మెంట్ ఏ రిజిస్టర్‌లోనూ లేదు. రికార్డుల ప్రకారం అందులో పనిచేసేవాళ్లూ లేరు. ఎంత మొండి తాళాన్నైనా రెండు నిమిషాల్లో విప్పుతాడు గనక అతనికి ఆ పేరొక్కటే మిగిలింది. అన్నయ్యా అని పిలిచే మనిషి ఒకతె ఉండేది. ఇప్పుడు ఆమే లేదు.

చీఫ్ ఫైలు ముందుకు తోశాడు. "పెద్ద కంపెనీ. మంటలార్పేవాళ్లకి నిప్పంటుకోని కోట్లు అమ్ముతుంది. కుట్టేది మాత్రం సప్లయర్లు. వాళ్లు ఎలా నడుచుకోవాలో కంపెనీ ఒక నియమావళి ఇచ్చింది. మనుషుల్ని బంధించి పని చేయించకూడదు. తలుపులకి తాళాలెయ్యకూడదు. హాజరు పట్టీలో పేరు లేని మనిషి మిషన్ మీద కూర్చోకూడదు. చక్కగా రాశారు."

"పాటిస్తున్నారా సార్?"

"పాటిస్తున్నట్టు సర్టిఫికెట్లున్నాయి. ఇచ్చేది సున్నం ముఠా."

తాళం ఆ పేరు విన్నాడు. విదేశీ ముఠా. ఎంత మసిపట్టిన గోడకైనా ఒక్కపూటలో సున్నం కొట్టేస్తారు. దొంగ హాజరు పట్టీలు, దొంగ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, దొంగ సీళ్లు. నాయకుణ్ణి మేస్త్రీ అంటారు. అతని గొంతు విన్నవాళ్లున్నారు గాని మొహం చూసినవాళ్లు లేరు.

"లోపల మనకో మనిషి ఉంది. నెమలి. ముఠా తరఫున ఆడిటర్. ఆర్నెల్లుగా మన తరఫున కూడా. రేపు పదింటికి ఇన్‌స్పెక్షన్. నువ్వు ఆవిడ అసిస్టెంటువి. 'గుమ్మడికాయల దొంగ ఎవరంటారు?' అని అడుగుతుంది. 'నా భుజాలు నేను తడుముకోను' అనాలి."

చీఫ్ ఫైలు మూశాడు. "ఇంకో మాట. ఆరేళ్ల కిందట తగలబడిన ఆ ఫ్యాక్టరీకి సర్టిఫికెట్ ఇచ్చింది కూడా ఆవిడే. నీకు ముందే చెప్పడం మంచిదని..."

తాళం లేచి నిలబడ్డాడు. "కెమెరా కళ్లజోడు ఎక్కడ తీసుకోవాలి సార్?" అని మాత్రం అడిగాడు.

ఆరేళ్ల కిందట ఆ కుట్టు ఫ్యాక్టరీలో నిప్పు లేచినప్పుడు ఎమర్జెన్సీ తలుపుకి బయటినుంచి తాళం ఉంది. గుర్తుపట్టే స్థితిలో ఎవరూ మిగల్లేదు. చనిపోయినవాళ్ల జాబితాని హాజరు పట్టీ చూసి రాశారు. అందులో అతని చెల్లెలి పేరు లేదు. 'అలాంటి మనిషి మా దగ్గర పనిచెయ్యలేదు' అన్నాడు మేనేజరు. గేటు పక్క స్టాండులో ఆమె చెప్పులు దొరికాయి. ఎడమ చెప్పు పట్టీ తెగితే నీలం దారంతో కుట్టుకుంది. తాళం వాటిని పట్టుకుని నాలుగు ఆఫీసులు తిరిగాడు. 'చెప్పులు ఎవరివైనా కావచ్చు' అన్నారు. ఊరందరి తాళాలూ విప్పిన అన్నయ్య, చెల్లెలి తలుపు దగ్గర ఆరోజు లేడు. ఆ బాధ ఇప్పటికీ అతన్ని కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు.

మర్నాడు పదింటికి, అతికించిన మీసం, కెమెరా కళ్లజోడు, చంకలో ఫైలు, నెత్తిన హెల్మెట్‌తో అతను ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాడు. నల్ల కారులోంచి నెమలి దిగింది. మెడలో ఆకుపచ్చ పట్టు స్కార్ఫు, చలువ కళ్లద్దాలు, టకటకలాడే హీల్స్. గేటు మనిషి సెల్యూట్ కొట్టడం కూడా మరిచిపోయాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటారు?" అంది చిరునవ్వుతో.

"నా భుజాలు నేను తడుముకోను."

ఆమె చెయ్యి చాచింది. తాళం ఫైలు రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

వెనక కంపెనీ ప్రతినిధులు ఇద్దరు దిగగానే లౌడ్‌స్పీకర్‌లో ఓ హుషారు పాట మొదలైంది.

"పాట బాగుందే," అన్నాడు తాళం.

"పాట కాదది, గంట," అంది నెమలి గొంతు తగ్గించి. "ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, తలుపులు తియ్యండి, గ్లవ్స్ పంచండి అని."

రెండో అంతస్తులో అరవైమంది ఆడవాళ్లు వరసగా కోట్లు కుడుతున్నారు. ఎమర్జెన్సీ తలుపు బార్లా తెరిచి ఉంది. కీళ్లకి పెట్టిన నూనె ఇంకా కారుతోంది. అందరి చేతులకీ కొత్త గ్లవ్స్. ఒకామెకి కుడిచేతి గ్లవ్, ఎడమచేతి గ్లవ్ కలిపి వేసిన దారం కూడా తెంపలేదు. పాపం, సంకెళ్లు వేసినట్టు రెండు చేతులూ దగ్గరపెట్టుకునే కుడుతోంది.

"మొత్తం అరవైమందేనండీ," అన్నాడు మేనేజరు. "మా ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటాం."

"పై అంతస్తు?"

"పాత సామానండీ. ఎలకలు తప్ప ఎవరూ లేరు."

ప్రతినిధులు తలూపి కాగితాల మీద టిక్కులు పెట్టుకున్నారు. తాళం మాత్రం మెట్ల దగ్గర ఆగిపోయాడు. అక్కడ గోడ పొడుగునా చెప్పుల స్టాండు. లెక్కపెట్టమన్నారు కదా, లెక్కపెట్టాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు. నూటొక్క జతలు.

మిగతావాళ్లు ముందుకు వెళ్లాక నెమలి మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "అరవైమందికి నూటొక్క జతలు. ఇక్కడ జెర్రులు గాని పనిచేస్తున్నాయా మేడమ్?"

నెమలి స్టాండు వైపు చూసింది. వాచీ చూసుకుంది. "పదకొండూ యాభై అయిదు," అంది ఎవరితోనో అన్నట్టు.

"అయితే?"

"మేము తయారుచేసిన దొంగ పట్టీలన్నీ పైనే ఉన్నాయి. గుట్టు బయటికి పొక్కిందని మేస్త్రీకి అనుమానం వచ్చింది. పన్నెండింటికి పైన నిప్పు లేస్తుంది. పట్టీల బీరువా కింద టైమరున్న నిప్పు డబ్బా పెట్టించాడు. మేనేజరుకి కూడా తెలీదు. నేను ఆ పట్టీలన్నీ మొన్ననే ఫొటోలు తీసుకున్నాను. ఖాళీ గదే కదా, కాలితే కాలనీ అనుకున్నాను."

"ఖాళీ అని ఎవరన్నారు?"

"హాజరు పట్టీలో అరవైమందే ఉన్నారు. ప్లానులో గోడౌన్ అని ఉంది."

"అవి రాసిందెవరు?"

నెమలి పెదవులు కదిలాయి. "మేమే."

తాము కొట్టిన సున్నాన్నే గోడ అనుకున్నారు ఆ మహానుభావులు. పేర్లు లేని నలభై ఒక్కమందిని, పాట వినపడగానే పైకి తోలి తాళం వేస్తారని మేనేజరు ముఠాకి చెప్పలేదు. ముఠా అడగనూ లేదు.

తాళం మూడేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కాడు. పైన ఇనప తలుపు, పిడికిలంత తాళం.

"అమ్మా! లోపల ఎవరున్నారు?"

చప్పుడు లేదు.

"పాట ఆగేదాకా పలకొద్దని చెప్పే ఉంటారు," అంది నెమలి రొప్పుతూ. "పలికితే రేపట్నుంచి పని ఉండదని." హీల్స్ విప్పి పారేసి వట్టికాళ్లతో కిందికి పరిగెత్తింది.

తాళం జేబులోంచి వంపు తీగలు తీశాడు. తీగ జారింది. మళ్లీ జారింది. ఇదే తలుపు, ఆరేళ్లు ఆలస్యంగా వచ్చాను అనిపించింది. కింద పాట టక్కున ఆగింది. ఆ మరుక్షణమే లోపలినుంచి ఒక గొంతు సన్నగా వినిపించింది. "ఎవరన్నయ్యా?"

తలుపు తాళం ఊడి అతని చేతిలో పడింది.

ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని బయటికి ఉరికారు. తాళం బీరువా కింద చెయ్యి పెట్టి డబ్బా లాగాడు. ఎర్రంకెలు ఇంకా ఇరవై రెండు సెకన్లు చూపిస్తున్నాయి. విసరడానికి కిటికీ లేదు. మెట్ల నిండా మనుషులు. మూల చూస్తే కుట్టిన కోట్లు గుట్టగా ఉన్నాయి.

"అవి పడెయ్యండి అన్నయ్యా! నిప్పంటుకోవు!" అని అరిచింది చివరామె. పోకుండా తానే ఓ చేతినిండా ఎత్తుకొచ్చింది. ఇద్దరూ డబ్బా కనపడకుండా కోటు మీద కోటు పడేశారు. ఆమె చెయ్యి పట్టుకుని తలుపు అవతలికి లాగేసరికి గుట్ట ఒక్కసారి ఎగిరి కూలబడింది. పొగ లేచింది. మంట మాత్రం లేవలేదు. ఆ ఫ్యాక్టరీలో అబద్ధం కానిది ఏదైనా ఉంటే, అది ఆ ఆడవాళ్ల కుట్టు.

పన్నెండూ అయిదుకి నెమలి ఫోన్ మోగింది. "పని అయిందా?" అంది అవతలినుంచి మేస్త్రీ గొంతు. "అయింది. వచ్చి చూసుకోండి," అంది నెమలి. వచ్చిన మేస్త్రీ పొట్టిగా, బట్టతలతో, బడిపంతులులా ఉన్నాడు. గేటు దగ్గర కాచుకున్న పోలీసులు అతన్నీ మేనేజరునీ ఒకే జీపులో ఎక్కించారు.

మెట్ల దగ్గర ఆడవాళ్లు ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని వెళ్లిపోతున్నారు. స్టాండు ఖాళీ అయ్యేదాకా తాళం అక్కడే నిలబడ్డాడు. ఒక్క జత కూడా మిగల్లేదు.

"ఆరోజు మా చెల్లెలివి మిగిలిపోయాయి," అన్నాడు, పక్కనొచ్చి నిలబడ్డ నెమలి వైపు చూడకుండా. "ఎడమ చెప్పుకి నీలం దారం కుట్టు."

నెమలి తన వట్టికాళ్ల వైపు చూసుకుంది. "ఇన్‌స్పెక్షన్ రోజున ఆ ఫ్యాక్టరీలోనే నా చెప్పు పట్టీ తెగింది," అంది. "ఓ అమ్మాయి మిషన్ ఆపి కుట్టిచ్చింది, నీలం దారంతో. తన చెప్పు చూపించి నవ్వింది. 'ఇద్దరిదీ ఒకటే కుట్టు అక్కా, మెల్లగా నడువు' అంది. గంట తర్వాత, ఆ అమ్మాయి పేరు లేని పట్టీ మీద సంతకం పెట్టాను."

ఈ మనిషి దొరికితే ఏం చెయ్యాలో తాళం ఆరేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు మాత్రం గోడకి ఆనుకుని కూలబడి, అతికించిన మీసం తడిసి ఊడిపోయేదాకా ఏడ్చాడు. తన చెల్లెలు అక్కడ ఉందని ఆరేళ్లలో ఒక్కరన్నా అనలేదు. అన్నది ఈవిడే.

"ఇంకోసారి చెప్పండి," అన్నాడు.

"ఉంది. నేను చూశాను."

"కోర్టులో చెబుతారా?"

"చెబితే నేనూ లోపలికే."

"తెలుసు."

నెమలి మెడలో స్కార్ఫు విప్పి మడత పెట్టింది. "చెబుతాను."

వారం తర్వాత చీఫ్ రిపోర్టు చదివి కళ్లజోడు తీశాడు. "కాపాడినవాళ్లు నలభై ఒక్కమంది. రికార్డు ప్రకారం సున్నా. లేనివాళ్లని కాపాడావని నీకు ప్రమోషన్ ఎలా రాయమంటావయ్యా? నువ్వూ రికార్డులో లేవాయె."

"నాకేమీ వద్దు సార్. చనిపోయినవాళ్ల జాబితాలో మా చెల్లెలి పేరు ఎక్కించండి," అన్నాడు తాళం. "లేకుండా ఉండటం నా ఉద్యోగం. దానిది కాదు."