మంచేటికి చెప్పిన మాట

కొండలు ఇంకా ఎదుగుతున్న రోజుల్లో, పిల్లలూ, వెన్నెలదుర్గం అనే రాజ్యం ఉండేది. దానికి ఉత్తరాన అడవుల్లో మంచేరు ప్రవహించేది. ఎండాకాలంలో కూడా ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే పళ్ళు జివ్వుమనేవి. ఒంటినిండా ఎర్రచుక్కలుండే చుక్కచేప ఆ నీళ్ళలో తప్ప మరెక్కడా బతకదు. దానికోసం ఏటి ఎగువకు వెళ్ళిన జాలరులు మూడేళ్ళుగా తిరిగి రావడం లేదు. పదకొండుమంది అలా మాయమయ్యారు. వాళ్ళను వెతకబోయిన యువరాజు మణికేతుడూ రాలేదు. వాళ్ళను తీసుకొచ్చినవారికి కోరింది ఇస్తానని రాజు దండోరా వేయించాడు.

ఆ పదకొండుమందిలో మొదటివాడు గవరయ్య. అతని చెల్లెలు నూకాలు. గాలం వెయ్యడం ఆమె అన్న దగ్గరే నేర్చుకుంది. దండోరా విన్న మర్నాడే గాలపుకర్ర భుజాన వేసుకుంది.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. వేటకు వెళ్ళేవాళ్ళను ఎక్కడికని అడగకూడదు. వాళ్ళు కూడా వెళ్తామనీ వస్తామనీ ఎక్కడా అనకూడదు. అంటే చేపలు విని దాక్కుంటాయట. అందుకే తల్లి అడగాలనుకున్నది మింగేసి, "సద్ది సాలుద్దేటే, గుంటా?" అని మాత్రం అంది.

"సాలుద్దమ్మా."

"ఇంకో రెండు చోడిరొట్టెలు ఎట్టుకో. తడిబట్టల్తో తొంగోకు. రొట్టెలు ఎట్టుకున్నావా?"

నూకాలు ఆ రాగిరొట్టెలు మూటలో పెట్టుకుని, తల్లి బుగ్గ నిమిరి, వెళ్ళొస్తానని అనకుండా బయల్దేరింది.

ఏటి పైకి దారి లేదు. నీళ్ళలో రాళ్ళు పట్టుకునే ఎక్కాలి. మొదటి సుడి దగ్గర ఎడ్లబండంత నీటికుక్క అడ్డంగా పడుకుని ఉంది.

"మీ అన్న నీకు రెండింతలుంటాడు. వాడే రాలేదు. నువ్వు ఈ ఏటికి పంటి కిందకి కూడా చాలవు," అంది.

"పంటి కిందకి రాలేదు మావా, పైకెళ్ళడానికొచ్చినాను. తప్పుకుంటావా?"

"నా సుడిలో ఒక చేప పట్టి చూపించు, తప్పుకుంటాను."

నూకాలు తొందరపడలేదు. నురుగు ఎటు తిరిగితే తిండి అటే పోతుంది, తిండి పోయేచోటే చేప కాచుకుని ఉంటుంది. నురుగు అంచున గాలం వదిలి, మూర పొడుగు చేపను పట్టింది. దాన్ని నీటికుక్కకే పెట్టింది. అది మూతి నాక్కుంటూ ఆమెను వీపుమీద ఎక్కించుకుని సుడి దాటించింది.

ఆపైన తాటిచెట్టంత జలపాతం ఉంది. పక్కన బండమీద ఒక ముని కూర్చుని ఉన్నాడు.

"పైనేటుంది, సామీ?"

"మడుగు. అందులో చేపరూపంలో ఒక యక్షుడుంటాడు. నీ గాలానికి తగిలాక మూడుసార్లు లాగుతాడు. దారం తెగిందా, నువ్వూ చేపవైపోతావు."

"తెగకుండా ఏటి సెయ్యాలి?"

"నాకేం తెలుసు తల్లీ. నేను ఆకులూ దుంపలూ తినేవాణ్ణి."

నూకాలు నవ్వుకుంటూ, పాదాలకు గుడ్డపేలికలు చుట్టుకుని పాచిరాళ్ళ మీద పైకి ఎక్కింది.

మడుగు అద్దంలా ఉంది. అడుగున పన్నెండు చుక్కచేపలు ప్రవాహానికి ఎదురుగా బారులు తీరి కదలకుండా ఉన్నాయి. వాటి ముందు దోనె అంత చేప, బంగారు చుక్కలతో. నూకాలు తన నీడ పడకుండా వాటి వెనకవైపు నుంచి పాకుతూ వెళ్ళింది. లకుముకిపిట్ట ఈకను గాలానికి పురుగులా కట్టి నీటిమీద వదిలింది. మూడోసారి వదిలినప్పుడు పెద్దచేప దాన్ని అందుకుంది.

మొదటిసారి లాగినప్పుడు నూకాలు దారం వదులుతూ ఒడ్డు వెంట పరుగెత్తింది. రెండోసారి నడుములోతు నీళ్ళలోకి దిగి దాని వెంట నడిచింది. మూడోసారి చేప అడుక్కి దిగి కూర్చుంది. ఆమె లాగలేదు, వదల్లేదు. చేతులు మొద్దుబారినా మధ్యాహ్నమంతా అలాగే నిలబడింది. చివరికి చేపే అలసి పైకి తేలింది.

"ఎవరు నేర్పారు నీకిది?" అంది.

"మాయన్న. ఆణ్ణి నువ్వే ఉంచీసినావు. ఒగ్గీ, ఇంటికొస్తాడు."

"వెయ్యేళ్ళుగా మనుషులు నా మడుగుకు వస్తున్నారు. చేపలు పట్టుకుంటారు, మూటకట్టుకుంటారు, ఒక్క మాట చెప్పకుండా పోతారు. మళ్ళీ వస్తామని ఒక్కడూ అనలేదు. అందుకే పోయేవాళ్ళను పోనివ్వడం మానేశాను."

"సెప్తే మీరు దాక్కుంటారని సెప్పం, తాతా," అంది నూకాలు.

"దాక్కోవడమా? వస్తారని తెలిస్తే పొయ్యి వెలిగించి ఉంచేవాణ్ణి."

నోట్లోంచి గాలం తీసేస్తే ఆ పెద్దచేప అన్నతో సహా లోతుకు వెళ్ళిపోవచ్చు. అయినా ఆమె గాలం తీసేసింది. ఏ జాలరీ ఏటి ఒడ్డున అనని మాట అంది. "మేం ఎల్లొస్తాం, తాతా. చోళ్ళు కోసినాక మళ్ళీ వస్తాం."

మడుగు ఒక్కసారి పొంగింది. గుండెలోతు నీళ్ళలో పన్నెండుమంది మనుషులు గజగజలాడుతూ నిలబడ్డారు. పెద్దచేప ఉన్నచోట తెల్లగడ్డం తాత ఒకడు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మొదట్లో దారం ఎక్కువొదిలీసినావే. సూస్తన్నాను," అన్నాడు గవరయ్య. నూకాలు ఏడుస్తూనే అతని మొహాన నీళ్ళు కొట్టింది.

కోటకు తిరిగొచ్చాక ఏం కావాలని రాజు అడిగితే నూకాలు, "అన్న దొరికినాడు, సాలు," అంది. నూకాలును పెళ్ళాడతానని అడిగింది మాత్రం యువరాజే.

"గాలం ఎయ్యడమొచ్చా?" అని అడిగింది ఆమె.

"రాదు."

"నేర్సుకున్నాక అడుగు."

అతను వర్షాకాలమంతా నేర్చుకున్నాడు. చోళ్ళు కోసే వేళకు ఒక చిన్నచేప పట్టాడు. నూకాలు సరేనంది. పెళ్ళి మడుగు ఒడ్డునే జరిగింది. తాత పొగలో దగ్గుతూ వెయ్యిమందికి తనే వండి వడ్డించాడు. పొద్దు వాలుతుంటే వెయ్యిమందీ ఒక్కసారే, "ఎల్లొస్తాం, తాతా," అన్నారు.

"సరే, సరే. చీకటి పడకముందే కొండ దిగండి," అన్నాడు తాత గరిటె తుడుస్తూ. "పొయ్యి ఆర్పనులే."