ముత్తవ్వ మొదటి మెసేజ్

మారుతి పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయాక, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే ఆ గల్ఫ్ పేటలోని రెండు గదుల ఫ్లాట్‌లో అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు. ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి బిల్లుల పని చేసే సునంద, పని మధ్యలో కంప్యూటర్ నుంచే భర్తకు మెసేజ్ కొట్టింది. వరల్డ్ కప్ దగ్గర పడుతోందని స్టేడియం సైట్‌లో ఒకటే హడావిడి. అక్కడ సూపర్‌వైజర్‌గా ఉన్న మారుతికి ఫోన్ ఎత్తే తీరిక ఉండదు.

వెనక నిలబడ్డ ముత్తవ్వ వంగి చూసింది. కొడుకు దగ్గరికి నిర్మల్ పక్క పల్లె నుంచి విజిట్ వీసా మీద వచ్చి నెల కూడా కాలేదు. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి, కంటబడ్డ అక్షరాన్ని ఊరికే వదలదు.

"నీ ఫోన్ మంచం మీదున్నది. మరి మెసేజ్ ఇందులకెల్లి ఎట్ల పోతున్నదే?"

సునంద ఆమెవైపు తిరిగింది. "ఫోన్‌కూ కంప్యూటర్‌కూ జోడు కలిపిన అత్తమ్మా. ఇక్కడ రాస్తే ఆ ఫోన్‌లకెల్లే పోతది."

"నాది గూడ కలుపరాదు?"

సునంద నవ్వి తెర మీద ఒక పేజీ తెరిచింది. చుక్కలు తప్పిన ముగ్గులాంటి నల్ల గళ్ళ చదరం వచ్చింది. దాని ఎదురుగా అత్త ఫోన్ కెమెరాను పట్టుకుంది. మరుక్షణంలో ముత్తవ్వ మెసేజ్‌లన్నీ తెర మీద పెద్ద అక్షరాలతో వరసగా నిలబడ్డాయి.

ముత్తవ్వకు నమ్మకం కుదరలేదు. ఫోన్‌ను వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వచ్చింది. అక్షరాలు ఎక్కడికీ పోలేదు. "బంద్ చేస్తే?" అని అడిగి, జవాబు రాకముందే వెళ్ళి బంద్ చేసింది. కనెక్షన్ లేదని తెర చెప్పింది. మళ్ళీ ఆన్ చేస్తే కాసేపటికి కలిసింది. ముత్తవ్వ మొహం విచ్చుకుంది.

ఆ సంతోషం వెనక సంగతి ఎవరికీ తెలియదు. రెండేళ్ళుగా ఆమెకు వినికిడి తగ్గిపోతోంది. ఎదురుగా ఉంటే పెదవులు చూసి నెట్టుకొస్తుంది. ఫోన్‌లో మాత్రం హోరు తప్ప ఏమీ అందదు. చెబితే ఊళ్ళో ఒంటరిగా ఉండనివ్వరని దాచింది. కొడుకు ఫోన్‌లో ఏం అడిగినా "ఆఁ బిడ్డా, సరే" అనేది. ఈ అక్షరాలకైతే చెవులతో పని లేదు.

తెర అడుగున కోడలు తెలుగు అక్షరాలు తెరిచి పెట్టింది. ముత్తవ్వ మౌస్‌తో ఒక్కొక్కటే వెతికి నొక్కి, "తిన్నవా బిడ్డా" అని కొడుక్కి పంపింది.

మధ్యాహ్నం జవాబు వచ్చింది. "తిన్న అవ్వా. నువ్వే రాసినవా! బర్లకు బేరం కుదిరింది. రేపు తోలుకపోతరట. ఇగ నువ్వు మాతోనే ఉండు."

ముత్తవ్వ దాన్ని మళ్ళీ చదివింది. పక్కింటి ఎల్లవ్వకు అప్పజెప్పి వచ్చిన తన రెండు బర్రెలు!

"నా బర్లను ఎవలు అమ్ముమన్నరు?"

సునంద తెల్లబోయింది. "మీరే సరే అన్నరట గద అత్తమ్మా, ఊర్ల ఉన్నప్పుడు ఫోన్‌ల."

సాయంత్రం మారుతి బూట్లు విప్పకముందే ముత్తవ్వ ఎదురుగా నిలబడింది. "నన్ను అడగకుంట నా బర్లను ఎట్ల అమ్ముతవు?"

"అడగకుంటనా? ఎన్నిసార్లు అడగలే! అడిగినప్పుడల్లా సరే అంటివి. ఇప్పుడు నేను దొంగనైతినా?" అంటూ విసుగ్గా గోడవైపు తిరిగాడు. ఆ తర్వాతి మాటలు ముత్తవ్వకు అందలేదు.

"ఏమంటున్నవు?"

మారుతి గిర్రున తిరిగాడు. "ఇంతసేపు మొత్తుకుంటుంటే ఏమంటున్నవు అని అడుగుతున్నవా?"

ముత్తవ్వ వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ పట్టుకుంది. మొగుడూ పెళ్ళాం ఏమీ అర్థంకాక చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి మారుతి జేబులో ఫోన్ వణికింది.

"నాకు చెవులు ఇనవడుత లేవు బిడ్డా. ఫోన్‌ల నువ్వు ఏం అడిగినవో తెల్వదు."

చదివి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు మారుతి. అతను ఫోన్‌లో ఏదో రాశాడు. ఆమె ముందున్న తెర మీద తేలింది.

"ఎందుకు చెప్పలే అవ్వా?"

"పనికిరానిదాన్ని అయిన అనుకుంటరని."

సునంద వచ్చి అత్త భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ఆ చేతిమీద ముత్తవ్వ కన్నీటి బొట్లు పడ్డాయి. తెర మీద ఇంకో మెసేజ్ వచ్చింది.

"ఇప్పుడు అడుగుతున్న. బర్లను అమ్ముదునా? మాతోనే ఉంటవా?"

ముత్తవ్వ మళ్ళీ మౌస్ పట్టుకుని ఒక్కొక్క అక్షరమే నొక్కింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"బర్లు ఉండనీ. చెవుల డాక్టర్‌కు చూపెట్టు. వీసా అయినంక ఊరికి పోత. మళ్ల వస్త."

మారుతి కళ్ళు తుడుచుకుని ఎల్లవ్వకు ఫోన్ కలిపాడు. తల్లివైపే మొహం పెట్టి, ప్రతి మాటా ఆమెకు తెలిసేలా నిదానంగా చెప్పాడు.

"ఎల్లవ్వత్తా, బేరం వద్దని చెప్పు. మా అవ్వను నేను ఇప్పుడే అడిగిన."