ఐథ్రా కొండ మీద సుత్తి చప్పుడు

"దేముడు చచ్చిపోయాడా, అమ్ముడుపోయాడా?"

నిమ్‌పురా యార్డులో మూలపడ్డ గార్డు బ్రేక్‌వ్యాన్‌లో కూర్చుని రామనాథం అడిగిన మొదటి మాట అది. పైకి ఆయన ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో హెడ్‌క్లర్కు. లోపల సీక్రెట్ సర్వీస్ తూర్పు విభాగానికి చీఫ్. ఎదురుగా ఉన్నవాడు ఏజెంట్ జగ్గారావు. ఈ ఉద్యోగంలోకి రాకముందు పన్నెండేళ్ళు ఆ యార్డులోనే వీల్‌ట్యాపర్. సుత్తితో చక్రాన్ని కొట్టి మోత వినడం వాళ్ళ పని. ఖంగుమంటే బాగున్నట్టు, బొంగురుపోతే లోపల చీలిక ఉన్నట్టు. దేముడూ అతనూ ఒకే గ్యాంగులో పనిచేసి, ఒకేసారి సర్వీసులో చేరారు.

"అమ్ముడుపోయే మనిషి కాదు సార్."

"నాకూ నమ్మబుద్ధి కాదు. కానీ విను." రామనాథం గొంతు తగ్గించాడు. "మూడు వారాల కిందట గ్రీసులో ఐథ్రా అనే కొండ మీది పాడుబడ్డ నగరంలో దేముడు మాయమయ్యాడు. అంతకుముందు విదేశీ ముఠా దగ్గర ఒక మైక్రోఫిల్మ్ కొట్టేశాడు. ఈ శనివారం పొద్దున పదింటికి ఇక్కణ్ణుంచి ఆయుధాల స్పెషల్ రైలు కదులుతుంది. దాన్ని పేల్చబోయే మన ఇంటిదొంగ పేరు ఆ ఫిల్మ్‌లో ఉంది. ఆ పేరు దేముడిదేనని, అందుకే ఫిల్మ్ కొట్టేసి పారిపోయాడని పైవాళ్ళ అనుమానం."

"స్పెషల్ ఆపించలేరా సార్?"

"యుద్ధం నడుస్తోందయ్యా. ఇది 1965, శాంతి కాలం కాదు." ఒక సుత్తి చేతికిచ్చాడు. "పిడి తిప్పితే లెన్స్ ఉంటుంది, ఫిల్మ్ చదవచ్చు. పైకి నువ్వు శిలల ప్రొఫెసర్‌వి. అక్కడ ఐరీన్ అనే మన మనిషి కలుస్తుంది. కోడ్: 'ఇక్కడ నీళ్ళు దొరుకుతాయా?' జవాబు: 'మధ్యాహ్నం మాత్రం తాగకండి.'"

బయల్దేరే ముందు జగ్గారావు దేముడి క్వార్టర్‌కి వెళ్ళాడు. వెళ్ళకుండా ఉంటే బాగుండేదని తర్వాత విమానంలో వందసార్లు అనుకున్నాడు.

"సప్పుడు వినబడతంది తమ్ముడూ," అంది దేముడి భార్య దాలమ్మ. "గిన్నెలు తోమతంటే పెరట్లోన సుత్తి మోత. రెండు దెబ్బలు, కొసింత ఆగి ఇంకోటి. మీ అన్న సెయ్యే అది."

"నీ బెంగ వదినా, అంతే."

"పోలీసులొచ్చి ఇల్లు సోదా సేసినకాడ్నుంచి కొళాయి కాడ ఒక్కర్తీ నాతోటి మాటాడదు. ద్రోహి పెళ్ళాన్నంట. సచ్చిపోనాడో మారిపోనాడో ఏటో ఒకటి తెలుసుకొని రా. ఏదైనా పడతాను. తెలీకుండా మాత్రం బతకలేను."

జగ్గారావు తలూపి వచ్చేశాడు.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం ఐథ్రా కొండ ఎక్కాడు. అబ్బ, ఏం ఊరది! ఏనుగంత రాళ్ళు పేర్చిన కోటగోడ, వాకిలి ఉంది, తలుపుల్లేవు. రాతి వీధి మీద బండి చక్రాలు అరగదీసిన రెండు గాడులు. పాత అలవాటు, వంగి జానతో కొలిచాడు. మన బ్రాడ్‌గేజీ కంటే జానెడు తక్కువ. వీధికి రెండు పక్కలా ఇళ్ళ పునాదులు, రైల్వే క్వార్టర్లలాగే వరసగా. గడపలున్నాయి, ఇళ్ళు లేవు. రెండువేల ఏళ్ళ కిందట ఎవరో ఈ గడపల మీద కూర్చుని పిల్లలకి తినిపించి ఉంటారు.

"ఇక్కడ నీళ్ళు దొరుకుతాయా?" అని గోడ నీడలో కదిలిన మనిషిని అడిగాడు.

"మధ్యాహ్నం మాత్రం తాగకండి." గోడ నీడలోంచి ఐరీన్ వచ్చింది. నల్లకళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫ్. సినిమా పోస్టర్ మీంచి దిగినట్టుంది. "కింది పల్లెవాళ్ళు ఈ వేళకి పైకి రారు, ప్రొఫెసర్. మధ్యాహ్నం ఊరివాళ్ళు తిరిగి వస్తారట."

"ఎవరు?"

"చచ్చినవాళ్ళు." నవ్వింది. "మీ స్నేహితుడు డబ్బుకి లొంగిపోయాడు. ఇక్కడే ఎక్కడో ఫిల్మ్ దాచి పారిపోయాడు. రాయి రాయీ వెతికించాను."

అప్పుడు వినిపించింది. టంగ్, టంగ్. ఆగి, టంగ్.

ఆమెకి వినబడలేదు. జగ్గారావు విన్నాడు, కాళ్ళు వాటంతటవే కదిలాయి. కూలిపోయిన గుడి ముందు, పాత రాతి నీళ్ళతొట్టి పక్కన స్తంభాల ముక్కలు, గుండ్రంగా, యార్డులో దించిన చక్రాల్లా దొర్లి ఉన్నాయి. వరసగా కొడుతూ పోయాడు. ఒకటి ఖంగుమంది. రెండోది, పదోది, ఇరవయ్యోది ఖంగుమన్నాయి. తను ఆగినప్పుడల్లా ముందునుంచి ఇంకో సుత్తి కొడుతోంది. ఎండలో ఎవరూ లేరు. "అన్నా," అన్నాడు నోట్లోనే. కళ్ళు చెమ్మగిల్లాయి.

ముప్ఫై నాలుగో రాయి దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది. జగ్గారావు కొట్టాడు. బొంగురు. అడుగున వేలు దూరేంత చీలిక, అందులో దేముడి ఖైనీ పొగాకు డబ్బా, డబ్బాలో ఫిల్మ్.

పిడి తిప్పి, లెన్స్‌లో ఫిల్మ్ పెట్టి ఎండకేసి చూశాడు. స్పెషల్ టైము. ఏడో వ్యాగన్. పొద్దున పదీ పదికి పేలే బాంబు. కింద సంతకం దేముడిది కాదు. రామనాథానిది.

"మాకు వీల్‌ట్యాపర్ చెవులు కావాల్సి వచ్చాయి," అంది ఐరీన్ వెనకనుంచి. చేతిలో పిస్తోలు. "రామనాథం మంచి చెవులే పంపాడు. ఇలా ఇవ్వు."

"దేముడేడి?"

"ఆ నీళ్ళతొట్టిలో. నేనే కాల్చాను. ఆఖరిదాకా ఒక్క ముక్క చెప్పలేదు మొండివాడు."

అంటే అమ్ముడుపోలేదు. పిస్తోలు ఎదురుగా ఉండగా కూడా జగ్గారావు గుండె మీంచి బరువు దిగిపోయింది.

టంగ్, టంగ్. ఆగి, టంగ్. ఈసారి తొట్టిలోంచి.

ఇప్పుడు ఆమెకీ వినబడింది. మొహం సున్నంలా పాలిపోయింది. తల తిప్పింది. ఆ ఒక్క క్షణం చాలు. జగ్గారావు సుత్తి ఆమె మణికట్టు మీద పడింది. ఆమె ఎర్ర స్కార్ఫ్‌తోనే ఆమెని కూలకుండా మిగిలిన స్తంభానికి కట్టేశాడు.

"నన్ను ఇతనితో ఒంటరిగా వదిలి వెళ్ళకు," అంది తొట్టికేసి చూస్తూ.

"పోలీసులు వచ్చేదాకా అతను చూసుకుంటాడు," అని జగ్గారావు కొండ దిగి పరుగెత్తాడు.

పల్లె పోస్టాఫీసులో పోలీసులకి కబురు పెట్టించి, పెన్ను పట్టుకుని ఆగాడు. ఆఫీసుకి కేబుల్ ఇస్తే ముందు వాలేది రామనాథం బల్ల మీదే. కానీ ఖరగ్‌పూర్‌లో ఒక పద్ధతి ఉంది. పాడైన వ్యాగన్ మీద ట్యాపర్ సుద్దతో సున్నా చుట్టి అడ్డగీత కొడితే అది 'సిక్'. మళ్ళీ విప్పి చూసేదాకా దాన్ని ఎంతటి ఆఫీసరూ కదిలించలేడు. ఆ గీత యార్డువాళ్ళ పెళ్ళాలకీ తెలుసు. అర్జెంట్ టెలిగ్రామ్ దాలమ్మ పేర ఇచ్చాడు: "స్పెషల్‌లో ఏడో వ్యాగన్ సిక్. మార్కు వెయ్యమని దేముడు చెప్పాడు."

తర్వాతి సంగతి అతనికి నాలుగు రోజులకి ఖరగ్‌పూర్ చేరాకే తెలిసింది. శనివారం తొమ్మిదీ నలభైకి టెలిగ్రామ్ జవాను సమూయేలు దాన్ని దాలమ్మకి చదివి వినిపించాడు. పదింటికి రామనాథం గార్డుని జెండా ఊపమన్నాడు. డ్రైవర్ నూకరాజు ఇంజన్ దిగిపోయాడు.

"ఏడో బండి మీద సిక్ మార్కుంది. లాట్‌సాబ్ సెప్పినా లాగను."

వ్యాగన్ విప్పారు. గడియారం కట్టిన బాంబు. ఆఖరి తీగ తెంపేసరికి ముళ్ళు పదీ తొమ్మిది దాటేశాయి. పారిపోబోయిన రామనాథం గేటు దగ్గరే దొరికాడు.

జగ్గారావు దాలమ్మ ముందు కూర్చుని దాచకుండా అంతా చెప్పాడు. ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"మారిపోనేదు గదా. అది సాలు." లేచి వీధి తలుపు దగ్గరగా వేసింది. "ఒక్క మాట తమ్ముడూ. ఎవులికీ సెప్పనేదు. సుద్దముక్క అట్టుకుని నాను ఎల్లేసరికే ఏడో బండి మీద గీత ఉంది. సుద్దపొడి ఇంకా రాలతంది."

జగ్గారావు ఆ రోజే రిపోర్టు రాశాడు. 'మార్కు వేసినవారు' అన్న గడిలో దేముడి పేరే పెట్టాడు. పైవాళ్ళు దాన్ని శంకించలేదు. సెలవు చీటీ పెట్టకుండా దేముడు మూడు వారాలు డ్యూటీకి ఎందుకు రాలేదో సంజాయిషీ మాత్రం అడిగారు.