నట్టల మందు సంచిలో దాచిన గోలీలు

పొద్దున్నే దొడ్డి ఊడుస్తున్న గుర్వమ్మకు నీరసంగా పడుకున్న గొర్రె ఒకటి కనబడింది. గొర్రెల మందులుండే సంచి వెతికితే, కడుపులో పురుగులకు తాగించే నట్టల మందు సీసా కింద కొత్త గోలీల డబ్బా తగిలింది. బలానికేమో అనుకుని ఒక గోలీ బెల్లంలో పెట్టింది. చదువు రాని మనిషి, ఇంకేం చేస్తుంది?

"అది దానికి వెయ్యకు," అన్నాడు ఆమె పెనిమిటి ఐలేశం, గడపలోంచి.

"మరెవరికి?"

"నాకు."

గుర్వమ్మ బెల్లం ముక్క పట్టుకునే గడప దగ్గరికి వచ్చింది. "ఏం రోగమొచ్చింది నీకు? నాకు చెప్పకుంట దాస్తివా?"

"రోగం గాదే." అరవై దాటిన ఐలేశం కొత్త పెండ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. "ఫోన్ల చూసిన. వయసు మీదబడ్డంక మగోళ్లకు మగతనమిచ్చే టెస్టోస్టిరాన్ తగ్గుతదంట. గివి పెప్టైడ్ గోలీలు. మగ దూడల విత్తులకెల్లి తీస్తరంట. తగ్గింది మళ్ల పెరుగుతదన్నరు."

"నువ్వు నమ్మినవా?"

"ఎందుకు నమ్మ? చిన్నప్పటిసంది గీ చేతులతోనే పొట్టేళ్ల విత్తులు కొట్టిన. కొట్టినంక అవి ఎట్ల సల్లబడ్తయో నాకు తెల్వదా? నేను గూడ గట్లనే సల్లబడ్డ."

బతుకంతా మంద వెంట తిరిగి, గొర్రెల లెక్కే తనకూ వేసుకున్నాడు పిచ్చి మనిషి. అంతటితో ఆగినా బాగుండేది.

"గూట్ల నీ బీపీ గోలీలు అట్లనే ఉన్నయి. మింగుతలేవా?" గుర్తొచ్చి అడిగింది గుర్వమ్మ.

ఐలేశం తల దించుకున్నాడు. "ఇవి అమ్మినోడే అవి బంద్ పెట్టమన్నడు. మగతనం తగ్గిస్తయంట."

"నీకేమన్న మతి ఉన్నదా? మీ అన్న మంచాన పడ్డది బీపీ తోటే గాదా? నువ్వు పడిపోతే నాకెవరున్నరు? నిన్ను మగతనం ఎవరడిగిండ్రు?"

"నువ్వడగలే. నీకు ఆపరేషన్ అయినప్పటిసంది చాప తీస్కపోయి లోపలి అర్రల పండుకుంటున్నవ్. నేను పనికిరానని ఇడిసిపెట్టినవనుకున్న."

గుర్వమ్మ చేతిలోని బెల్లం ముక్క కింద పడింది.

"గర్భసంచి తీసేసిండ్రు. ఇగ నేనేం ఆడదాన్ని, నన్ను చూస్తే నీకు రోత పుడ్తదేమోనని నేనే పక్కకు జరిగిన. ఒక్కనాడన్న పిలుస్తవని చూసిన. పిలువకపోతివి."

"నీకు నొస్తదని పిలువలే."

ఇన్నేళ్లూ గోడకు అటొకరు, ఇటొకరు. ఒక్క మాటతో పోయే బాధను ఇద్దరూ గుండెలో పెట్టుకుని పడుకున్నారు.

గుర్వమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "లెవ్వు. చిట్యాల దవాఖానకు పోదాం. ముందు బీపీ చూపిచ్చుకో."

"పోదాం తియ్. జర నా దగ్గర కూసో."

ఆమె కూర్చుంది. ఆపరేషన్ నాటి నుంచి దాచుకున్న ఏడుపంతా అతని భుజం మీదే ఏడ్చింది.