అన్న అమ్మబోయిన లారీ

"ఆ బండి మనకొద్దు!"

ప్రసన్నకుమారి నోట ఆ మాట వినగానే గిరి చేతిలోని ముద్ద కంచంలోకి జారిపోయింది. పప్పు వడ్డిస్తున్న అతని తల్లి సుబ్బులమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పదిహేనేళ్ళుగా పరాయివాళ్ళ లారీలు తోలిన గిరి ఇన్నాళ్ళకు సొంతంగా ఒక పాత ట్రైలర్ లారీ కొనుక్కోబోతున్నాడు. అదీ ఎవరిదో కాదు... ప్రసన్న సొంత అన్న మునిప్రసాద్‌ది! రేణిగుంటలో పాత లారీలు కొని అమ్మే మునిప్రసాద్ ఆ ఉదయమే బండిని చిత్తూరు దాకా తోలుకొచ్చి, ఇంటి ముందు నిలిపి, చెల్లెలిచ్చిన కాఫీ తాగి, అడ్వాన్సు తీసుకుని బండితోనే తిరిగి వెళ్ళాడు. ఆదివారం రేణిగుంట వచ్చి బండి తీసుకెళ్ళమన్నాడు. అతను వెళ్ళి గంటైనా కాలేదు, ఇంతలోనే చెల్లెలు ఇలా అంటోంది!

"మీ అన్న బండే గదా! ఆయన మనల్ని మోసం చేస్తాడా?" అన్నాడు గిరి.

"అన్న సంగతి కాదు, నేను బండి సంగతి చెప్తా ఉండా. ముందు టైర్లు రెండూ ఒకపక్కనే అరిగిపొయ్యుండాయి. క్యాబిన్ వెనకాల, బరువంతా మోసే ఛాసిస్ దూలాలకి రెండడుగుల మేర కొత్త నల్లరంగు కొట్టుండారు. మిగతాదంతా తుప్పూ దుమ్మే... ఆ రెండడుగులకే రంగు ఏమిటికి?"

"వంటింట్లో ఉండేదానివి, నీకేం తెలుస్తాది ఇదంతా? మీ నాయనే బాగుండాదని చెప్పినాడంట!"

"నాయనకు కండ్లు పొయ్యి నాలుగేండ్లు. ఆయన యాడ సూసినాడు?"

గిరి కంచం పక్కకు నెట్టేశాడు. ప్రసన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీకేం తెలుసు... ఎన్నిసార్లు విన్నది ఈ మాట! రేణిగుంటలో నాయన మునిరామయ్య మెకానిక్ షెడ్డులో పదమూడేళ్ళు వచ్చేదాకా ఆమె పెరిగింది. ఏ నట్టుకు ఏ స్పానరో నాయన అడగకముందే అందించేది. ఆయన లారీ కింద పడుకుని చూస్తూ ఉంటే తనూ పక్కన దూరి చూసేది. పెద్దమనిషి అయ్యాక ఆమెను షెడ్డులోకి రానివ్వలేదు. చేతికి గ్రీజు అంటితేనే చిరాకుపడే అన్నను అక్కడ కూర్చోబెట్టారు. ఆమెకు పెళ్ళి చేసి పంపితే చిత్తూరు వచ్చింది. కానీ రోడ్డు మీద లారీ పోతుంటే ఆ చప్పుడుకే దాని జబ్బేమిటో ఈనాటికీ తెలిసిపోతుంది... ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటుంది?

అప్పుడు సుబ్బులమ్మ గరిటె కింద పెట్టి, "రేయ్ గిరీ! పుట్టింటోళ్ళ మీద ఏ ఆడదీ ఉత్తపున్యానికి నోరు తెరవదు. అది చెప్తా ఉండాదంటే ఏదో ఉండాది. దాన్ని కూడా తోడుకొనిపొయ్యి సూపించు" అంది.

ఆదివారం ఉదయం బిడ్డను సుబ్బులమ్మ దగ్గర వదిలి మొగుడూ పెళ్ళాలిద్దరూ బస్సెక్కి రేణిగుంట వెళ్ళారు. షెడ్డు ముందు లారీ కడిగి పెట్టి ఉంది. మునిరామయ్య నల్లద్దాలు పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కూతురి అడుగుల చప్పుడు వినగానే, "పాపా, వచ్చినావా!" అంటూ చెయ్యి చాచాడు. మునిప్రసాద్ మాత్రం చెల్లెలిని చూసి, "నువ్వేమిటికమ్మా ఇంత దూరం?" అన్నాడు. ఆ గొంతులోని తడబాటు ప్రసన్న ఒక్కదానికే వినిపించింది.

"ఇంజన్ చల్లగా ఉండాదా?" అని అడిగాడు మునిరామయ్య. ప్రసన్న క్యాబిన్ ఎక్కి, ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూసి, "చల్లగానే ఉండాది నాయనా" అంది. మునిప్రసాద్ స్టార్ట్ చేశాడు. ముసలాయన తల వంచి వింటూ, "పొగ ఏ రంగు పాపా?" అన్నాడు.

"మొదట నల్లగా వచ్చింది. ఇప్పుడు తేటబడింది. నీలం లేదు."

"నీలం లేదంటే ఆయిల్ తాగడం లేదు. ఆయిల్ పోసే మూత తీసి తిరగేసి ఆ బొక్క మీదనే పెట్టు. లోపలి గాలికి ఎగురుతా ఉండాదా?"

"లేదు నాయనా, కదలకుండా ఉండాది."

"అయితే ఇంజన్ మంచిదే. నేను చెప్పింది ఇంజన్ గురించే."

గిరి ముఖం వెలిగిపోయింది. చూశావా అన్నట్టు భార్యవైపు చూశాడు. ప్రసన్న ఇంజన్ ఆపించి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఒక గోనెపట్టా పరుచుకుని లారీ కిందికి దూరింది! "చెల్లీ, వొద్దు! చీర పాడైపోతాది!" అని మునిప్రసాద్ అరిచాడు. లోపలి నుంచి స్క్రూడ్రైవర్‌తో రంగు గీకుతున్న చప్పుడు... ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. జుట్టుకు, చెంపలకు మసి. తండ్రి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"నాయనా, నా మాట నమ్మొద్దు. నీ చేత్తో నువ్వే సూడు."

డెబ్బై ఏళ్ళ ముసలాయన కూతురి చెయ్యి పట్టుకుని, ఆ గోనెపట్టా మీద పడుకుని, మెల్లగా కిందికి జరిగాడు. ప్రసన్న ఆయన వేళ్ళను తీసుకెళ్ళి ఆ ఇనుము మీద పెట్టింది. వేళ్ళు అటూ ఇటూ తడిమాయి. ఒకచోట ఆగాయి. మళ్ళీ తడిమాయి.

"పగిలినదాన్ని అతికించి, సానబెట్టి, రంగు పూసినారు" అన్నాడు మునిరామయ్య. చెయ్యి చాపి రెండోవైపు ఇనుమునూ తడిమాడు. "రెండో పక్క కూడా ఇట్లనే ఉండాది. ఒరే మునిప్రసాదూ... ఇది నీకు తెలుసునా, తెలీదా?"

మునిప్రసాద్ తల వంచుకున్నాడు.

"కొన్న రెండు నెలలకు తెలిసింది నాయనా. నన్నూ ఇట్లనే ఏమార్చి అంటగట్టినారు. నిజం చెప్తే ఎవరు కొంటారు? వెల్డింగ్ గట్టిగానే ఉండాదిలే అనుకున్నా..."

"ఆయన దీంట్లో గ్రానైట్ బండలెక్కిస్తాడని తెలుసు గదన్నా నీకు!" ప్రసన్న దుఃఖం కట్టలు తెంచుకుంది. "ఆ బరువుతో మొగిలి ఘాట్‌లో దిగతాడని తెలుసు గదా! బ్రేకు తొక్కినప్పుడు ఆడ అది ఇరిగితే... నేనెవరిని అడగాల? నా బిడ్డకు నాయన యాడని ఎవరిని అడగాల? పరాయోడు చేసింటే మోసం అనుకొనుందును. నువ్వు నా చేతి కాఫీ తాగి పొయ్యినావే అన్నా!"

బావ మీద గిరి చెయ్యి చేసుకుంటాడేమోనని ప్రసన్న భయపడింది. గిరి అలాంటిదేమీ చెయ్యలేదు. దగ్గరికి వచ్చి, తన తువ్వాలుతో భార్య ముఖానికి అంటిన మసి తుడిచాడు. "నీకేం తెలుసన్నాను... తప్పయిపొయ్యింది ప్రసన్నా" అన్నాడు, అందరి ముందరే.

మునిప్రసాద్ అడ్వాన్సు తెచ్చి గిరి చేతిలో పెట్టాడు. ఆ బండి మళ్ళీ రోడ్డెక్కకూడదని మునిరామయ్య గట్టిగా చెప్పాడు. కొడుకు నెలలోపల ఇంజన్ ఊడదీసి విడిగా అమ్మి, మిగతాది పాత ఇనుముకు వేసేశాడు. అతనికి బాగా నష్టం వచ్చిందని ప్రసన్నకు తెలిసింది. ఆ సంగతి విని ఆమె ఒక పూట అన్నం తినలేదు. కానీ ఫోన్ కూడా చెయ్యలేదు.

మునిరామయ్య బట్టల సంచీ పట్టుకుని చిత్తూరు వచ్చేశాడు. మంచి బండి దొరికేదాకా కూతురి ఇంట్లోనే ఉంటానన్నాడు. తండ్రీ కూతుళ్ళు గిరితో కలిసి లారీలు చూడడానికి వెళ్ళేవారు. ఆయన చెవి పెట్టేవాడు, ఆమె కన్ను పెట్టేది. ఒకదాని ఇంజన్ ఆయిల్ నీళ్ళు కలిసి మజ్జిగలా తెల్లబడి ఉందని వద్దన్నారు. ఇంకొకదాని ఛాసిస్ నంబరు కాగితాల్లోని నంబరుతో కలవలేదు. బంగారుపాళ్యంలో చూసిన మూడోదానికి రంగు వెలిసిపోయింది, సీటు చిరిగిపోయింది, కానీ ఎక్కడా అతుకు లేదు. "ఇది తీసుకోవచ్చు" అంది ప్రసన్న. బండి అమ్మే ఆయన నవ్వి, "ఆమె చెప్తే కొంటారా?" అన్నాడు.

"ఆమె చెప్తేనే కొంటాం" అన్నాడు మునిరామయ్య. "నా పనంతా నా బిడ్డకే వచ్చింది సామీ. కండ్లుండే కాలంలో నాకది కనపడలేదు."

ప్రసన్న పక్కకు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కొత్తగా వచ్చిన పాత లారీకి శుక్రవారం ఉదయం పూజ చేశారు. గిరి కొబ్బరికాయ కొట్టబోతుండగా వీధి మొదట్లో మునిప్రసాద్ కనిపించాడు. పిలవకుండానే వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. దూరంగానే ఆగి, "పోతాలే చెల్లీ... సూసి పోదామని వచ్చినా. నన్ను మన్నిస్తావా?" అన్నాడు.

ప్రసన్న పూజ పళ్ళెం పట్టుకుని అన్న దగ్గరికి వెళ్ళింది.

"ఈ పొద్దు ఆ మాట నా నోట రాదన్నా" అంది. తర్వాత పళ్ళెంలోని నిమ్మకాయలు తీసి అతని చేతిలో పెట్టింది. "టైర్ల కింద నువ్వే పెట్టు. నాయన ఎదురుచూస్తా ఉండాడు."

మునిప్రసాద్ ఒక్కో టైరు దగ్గరా వంగి నిమ్మకాయలు పెట్టాడు. గిరి బండి స్టార్ట్ చేశాడు. మునిరామయ్య తల వంచి విన్నాడు. కాయలు చితికి పులుపు వాసన వీధంతా కమ్మింది. లారీ మలుపు తిరిగేదాకా అన్నాచెల్లెళ్ళిద్దరూ గడప ముందు నిలబడ్డారు... కొంచెం ఎడంగానే.