సమ్మతి మీట

2068 నాటికి విమానంలో సీటు బెల్టు పెట్టుకోగానే ఎదుటి తెరమీద రెండు అంకెలు కనబడేవి. ఒకటి బయటి ఉష్ణోగ్రత, రెండోది పైలట్ రక్తంలోని మద్యం. జనం మొదటిదాన్నే శ్రద్ధగా చూసేవారు.

రెండో అంకెను చూపే పరికరం పేరు 'మత్తుజాడ'. నియంత్రణ దండాన్ని పట్టుకున్న అరచేతి చెమటలోంచి ఆల్కహాల్ అణువులను అది ఇట్టే పసిగట్టేది. యాలక్కాయ నమిలినా, బదులుగా ఇంకొకరి చేత ఊదించినా దాన్ని ఏమార్చడం కుదరదు. దాని తయారీకి డాక్టర్ హన్వికకు పదకొండేళ్లు పట్టింది. ఫలితాన్ని ప్రయాణికులకే చూపాలని ప్రభుత్వాన్ని ఒప్పించడానికి మరో నాలుగేళ్లు. విమాన సంస్థలు నీళ్లు నమిలి, చివరికి ఒక షరతు పెట్టాయి. అంకె హద్దు దాటితే వేరే పైలట్ వచ్చేదాకా విమానం ఆగుతుంది. ప్రయాణికులు ఒక్కరు కూడా మిగలకుండా సమ్మతి మీట నొక్కితే మాత్రం బయలుదేరవచ్చు, అప్పుడది నేరం కాదు. ప్రాణం మీద తీపి లేని వెధవ ఎవడుంటాడని హన్విక నవ్వుతూ సంతకం పెట్టింది.

ఆ ఉదయం విశాఖ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో, ఆమె ఎదుటి అంకె ఎర్రబడింది. కెప్టెన్ విహాన్, తొంభై ఒకటి. ఉండవలసింది సున్నా. ఆ రోజుల్లో విమానానికి పైలట్ ఒక్కడే.

"మరో పైలట్ రావడానికి నాలుగు గంటలు పడుతుంది," అంది యంత్రం మర్యాదగా. "ఆగుతారా, సమ్మతిస్తారా?"

హన్విక స్థిమితంగా కూర్చుంది. ఎవరూ నొక్కరనే ఆమె నమ్మకం. రెండు నిమిషాల్లో రెండు వందల మంది నొక్కేశారు. ఆమె లేచి నిలబడి, ఆ అంకెకు అర్థమేమిటో, దిగేటప్పుడు గాలి తిరగబడితే ఏమవుతుందో వివరించింది. వెనక వరసలో ఎవరో ఆవలించారు. పక్క సీటాయన మేనల్లుడి నిశ్చితార్థానికి వెళుతున్నాడు.

"ఆటోపైలట్ ఉంది కదండీ," అన్నాడు విసుగ్గా. "ఆయన ఊరికే కూర్చుంటే చాలు. మీ ఒక్కరి వల్ల ఇంతమందీ ఆగాలా?"

తెరమీద మిగిలింది నిజంగానే ఆమె సీటు ఒక్కటే. చుట్టూ మెడలన్నీ ఆమె వైపే తిరిగాయి. పన్నెండు గంటలకు ఢిల్లీలో విమాన భద్రత మీద ఆమె ప్రసంగం. మంత్రులు వస్తారు. తొంభై ఒకటంటే మరీ ఎక్కువేమీ కాదని, మూడు వందలు దాటితే గాని మనిషి స్పృహ తప్పడని ఆమెలోని శాస్త్రవేత్త గొణిగింది. పదిహేనేళ్లు తాను అసహ్యించుకున్న సాకులు ఇంత సులువుగా నోటికొస్తాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

మీట నొక్కింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

విమానం ఢిల్లీలో రెండుసార్లు ఎగిరిపడి నేలకు దిగింది. తలుపు దగ్గర కెప్టెన్ విహాన్ ఎర్రటి కళ్లతో అందరికీ నమస్కారం పెడుతున్నాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు.

"థాంక్సండీ," అన్నాడు హన్వికతో, నాలుక కాస్త మడతపడుతుండగా. "ఆ మిషను రాకముందు చుక్కేసుకుని ఎక్కాలంటే గుండెల్లో దడగా ఉండేది. ఎప్పుడో గాని ధైర్యం చేసేవాణ్ణి కాదు. ఇప్పుడు మీరంతా ఒప్పుకున్నాకే కదా నడిపేది. నాకేం బెంగ?"

హన్విక, ప్రసంగానికి టైమవుతోందని గబగబా మెట్లు దిగింది.